ఆస్కార్లతో పాటు షార్క్, పిరానా: నాలుగడుగుల ట్యాంకులో ఎవరికి ఎవరితో పడుతుంది?

బుల్లిలంక, అమలాపురం
శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం అండి. ఏడాదిగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి.

నాది నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు. అందులో టైగర్ ఆస్కార్ చేపలు రెండు (ఒకటి 7 అంగుళాలు, ఒకటి 6), షార్క్ ఒకటి, పిరానా ఒకటి, అడుగున అద్దానికి కరుచుకుని ఉండే సక్కర్ ఒకటి. నెల క్రితం ఎనిమిది టైగర్ బార్బ్‌లు కూడా వేశాను. ఇప్పుడు ఒక్కటీ లేదు. చచ్చి తేలినవి లేవు, కింద పడినవి లేవు. లెక్కపెట్టిన ప్రతిసారీ ఒకటి తక్కువ. మా అమ్మ పిల్లి మీద పెట్టింది. ట్యాంకుకి మూత ఉంది, మూత మీద నా పుస్తకాలున్నాయి. పుస్తకాలు తీసి, చేపని తిని, మళ్ళీ వరసగా సర్దే పిల్లి మా వీధిలో లేదండి.

పిరానా మీదే నా అనుమానం. ఆస్కార్లకి ఏమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకో మాట. షాపతను 4 అంగుళాల సిల్వర్ అరోవానా పిల్లని చూపించి ఆస్కార్లతో బాగా కలుస్తుంది అంటున్నాడు. తీసుకోమంటారా?

రెండో మోటారు, మండపేట
శనివారం రాత్రి 10:20

పిల్లినీ పిరానానీ వదిలేసి, చారల చొక్కా వేసుకున్న ఇద్దరినీ విడివిడిగా విచారించండి.

అద్దాలపెట్టె, కాకినాడ
శనివారం రాత్రి 10:41

పైన రాసింది జోక్ కాదు, అదే నిజం. 7 అంగుళాల ఆస్కార్ నోరు తెరిస్తే టైగర్ బార్బ్ అడ్డం లేకుండా వెళ్ళిపోతుంది. రాత్రి లైటు ఆర్పాక బార్బ్‌లు ఓ మూల కదలకుండా ఉంటాయి, ఆ టైములో పని అయిపోతుంది. పొద్దున మీరు వేసిన మేత ఆస్కార్ వాసన చూసి వదిలేసిన రోజులు ఉండే ఉంటాయి, గుర్తు తెచ్చుకోండి.

ఆ పిరానా ఫోటో పెట్టండి. మూతి దగ్గరగా, పళ్ళు కనపడేలా.

బుల్లిలంక, అమలాపురం
శనివారం రాత్రి 11:05

ఫోటో పెట్టాను అండి. మేత గింజ చూపిస్తే నోరు తెరిచింది. పొట్ట ఎర్రగా ఉంది. పళ్ళు మాత్రం విచిత్రంగా మా తాతయ్య కట్టుడు పళ్ళలా ఉన్నాయి. మేత వేసిన రోజు మీరన్నట్టే జరిగింది, పెద్ద ఆస్కార్ రెండు రోజులు ఏమీ ముట్టలేదు. అలిగిందనుకున్నాను.

అద్దాలపెట్టె, కాకినాడ
శనివారం రాత్రి 11:22

తాతయ్య గారి పళ్ళే మీకు జవాబు. పిరానాకి రంపంలా మొనదేలిన పళ్ళు ఉంటాయి, కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. మీ చేపకి మనిషి దంతాల్లా బల్లపరుపుగా ఉన్నాయి. కాయలూ గింజలూ నమిలే పళ్ళు అవి. అది పాకు. పుట్టిల్లు దక్షిణ అమెరికాయే, పిరానాకి చుట్టమే. కానీ మన దగ్గర దాని పేరు వేరు. రూప్‌చంద్.

అవునండి, సంతలో కిలోల్లెక్కన తూకం వేసే రూప్‌చందే. పిల్లప్పుడు పొట్ట ఎర్రగా ఉండడంతో పిరానా అని పేరు పెట్టి అమ్మేస్తారు.

కూర్చుని ఉంటే ఇంకోటి చెప్తాను. మీ షార్క్ ఉంది చూశారా, వెండి రంగులో, మూపున నిక్కిన రెక్కతో, అద్దం వెంట అటూ ఇటూ ఆగకుండా తిరిగేది. అది ఫంగస్. పంగాసియస్. చెరువుల్లో టన్నుల్లెక్కన పెంచేది అదే.

బుల్లిలంక, అమలాపురం
శనివారం రాత్రి 11:30

ఆగండాగండి. మా మేనమామ కైకలూరు దగ్గర రూప్‌చంద్ పెంచుతాడు. నేను 250 రూపాయలు పెట్టి కొన్నాను ఈ పిల్లని!!

రెండో మోటారు, మండపేట
శనివారం రాత్రి 11:32

మీ మావయ్యకి చెప్పకండి. ఆ రేటు వింటే రేపటి నుంచి కాటా పక్కన పెట్టి విడిగా అమ్ముతాడు.

గట్టుమీద, మొగల్తూరు
ఆదివారం ఉదయం 5:50

రాత్రంతా ఏరియేటర్ల దగ్గర ఉండి ఇప్పుడే చూశాను. నేను అక్వేరియం మనిషిని కాదు, చెరువు మనిషిని. అయినా ఎవరికి ఎవరితో పడుతుంది అన్నది మాకు రోజూ ఉండే లెక్కే కాబట్టి రాస్తున్నాను.

మూడేళ్ళు పండుగప్ప నర్సరీ చేశాను. హాపా అంటే చెరువులో పెట్టెలా కట్టే వల, అందులో సీడు, అంటే చేపపిల్లలు వేస్తాం. అన్నీ ఒకే తల్లి పిల్లలు, ఒకే రోజు పుట్టినవి, ఒకే మేత. అయినా వారం తిరిగేసరికి కొన్ని ముందుకి పోతాయి. ముందుకి పోయినది వెనకబడిన దాన్ని మింగుతుంది. ఇక్కడ చాలామంది అనుకునేది, తనకన్నా బాగా చిన్నదాన్నే తింటుందని. కాదు. తన పొడవులో సగాన్ని మించిన తమ్ముణ్ణి కూడా మింగడానికి చూస్తుంది. ఒక్కోసారి పట్టదు. ఓ ఉదయం హాపా ఎత్తితే రెండు తోకలున్న చేప కనపడింది. తీసి చూస్తే ఒకటి తోకవైపు నుంచి రెండోదాని నోట్లోంచి బయటికి ఉంది. తల లోపల ఇరుక్కుపోయింది. రెండూ చచ్చాయి.

అందుకే మూడు నాలుగు రోజులకోసారి గ్రేడింగ్. పెద్దవి ఒక హాపా, నడిమివి ఒకటి, చిన్నవి ఒకటి. బద్ధకించి ఒక్క గ్రేడింగ్ ఎగ్గొట్టామా, ఆ వారం లెక్కలో వేలు పోతాయి. మేత ఎంత వేసినా ఇది ఆగదు, తగ్గుతుందంతే.

మీ ట్యాంకుకి అదే పెట్టుకోండి బాబూ. కొత్త చేప తెచ్చేటప్పుడు పొడవు చూడకండి, ఉన్నవాటి నోరు చూడండి, కొత్తదాని ఒళ్ళు మందం చూడండి. అదీ ఇవాళ్టి నోరు కాదు, ఏడాది తర్వాత ఆ నోరు ఎంత ఉంటుందో అది. 7 అంగుళాల ఆస్కార్ అడుగు అవుతుందని పైన ఉన్నవాళ్ళకి తెలుసు. సన్నగా పొడుగ్గా ఉన్న చేప 6 అంగుళాలున్నా లోపలికి పోతుంది. పళ్ళెంలా వెడల్పుగా ఉన్నది 4 అంగుళాలకే అడ్డం పడుతుంది. మీ రూప్‌చంద్ బతికింది అందుకే.

చిన్నమ్మడు, తణుకు
ఆదివారం ఉదయం 9:15

గట్టుమీద గారూ, ఈ పోస్టు మీద మేకు కొట్టి పైన అంటించాలి అండి.

అరోవానా గురించి నేను చెప్తాను, చేతులు కాలినదాన్ని కాబట్టి. బుల్లిలంక తమ్ముడూ, ఆ పిల్లని తీసుకోకు.

కారణాలు రెండు. మొదటిది, 4 అంగుళాల అరోవానా రిబ్బను ముక్కలా ఉంటుంది. మీసాలు రెండు, రెక్కలు పల్చగా. 7 అంగుళాల ఆస్కార్ దాన్ని మింగకపోయినా మీసాలు కొరుకుతుంది, తోక చింపుతుంది. అరోవానాని ముందు వేరే ట్యాంకులో పెంచి, ఆస్కార్ల కన్నా పెద్దదయ్యాక కలిపినవాళ్ళు ఉన్నారు. పెద్ద ట్యాంకులో కుదురుతుంది, ఎందుకంటే అరోవానా పైనీళ్ళలో తిరుగుతుంది, ఆస్కార్ నడుమ. ఒకరి దారికి ఒకరు పెద్దగా అడ్డు రారు.

రెండోది ఆ పెద్ద ట్యాంకే. సిల్వర్ అరోవానా మూడడుగుల దాకా వెళ్ళే చేప. అది వెనక్కి తిరగాలంటే ట్యాంకు వెడల్పు కావాలి. అడుగున్నర వెడల్పులో రెండడుగుల చేప ఎలా తిరుగుతుందో ఓసారి గుమ్మం దగ్గర నిచ్చెన తిప్పి చూడు. నేను ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చేయించేదాకా మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు.

ఇంకా మూత. అడవిలో అది నీళ్ళ మీదికి వంగిన కొమ్మల మీద పురుగుల్ని ఎగిరి పట్టుకునే చేప. నా మొదటిది 14 అంగుళాలు ఉండేది. మేత వేసి మూత ఒక పక్క బెత్తెడు జరిగి ఉండగానే వదిలేసి పడుకున్నాను. రాత్రి ఏదో దబ్బున పడ్డ చప్పుడు వినిపించింది, పై గదిలో పిల్లలనుకున్నాను. పొద్దున దివాన్ కాట్ వెనకాల దొరికింది. గచ్చుకి అంటుకుపోయిన పొలుసులు రెండు, రూపాయి బిళ్ళంతవి, నేల కడిగినా రాలేదు, గోటితో గీకాను. మూతకి ఇప్పుడు నాలుగు క్లిప్పులున్నాయి.

నీటిపాము, రాజోలు
ఆదివారం ఉదయం 10:02

అక్కా, మరి గోల్డెన్ అరోవానా? నాకు ఒకతను ఇస్తానంటున్నాడు. ఎలిగేటర్ గార్ కూడా ఉందట, అడుగుంది, చవకే. ఆస్కార్లకి గారే కరెక్టు జోడీ అంటున్నాడు.

అద్దాలపెట్టె, కాకినాడ
ఆదివారం ఉదయం 10:30

గోల్డెన్, రెడ్ అని చెప్పేవి ఏషియన్ అరోవానాలు. అంతరించే ప్రమాదం ఉన్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్, దాని మొదటి అనుబంధంలో ఉన్న జాతి. మన వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ వచ్చాక అలాంటి జీవి మన దగ్గరుంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. కాగితాలు లేకుండా ఇస్తానంటే వద్దు. సిల్వర్‌కి ఆ గొడవ లేదు.

గార్ గురించి. ఉత్తర అమెరికా చేప. ఆరడుగులు దాటుతుంది, బరువు వంద కిలోలు దాటినవి ఉన్నాయి. దాన్ని రాజోలులో ఎక్కడ పెడతావు తమ్ముడూ, గోదావరి పాయలోనా? 2023 మే నెలలో శ్రీనగర్ దాల్ సరస్సులో నాచు తీస్తుంటే ఒక గార్ దొరికింది. ఎవరింట్లోనో ట్యాంకు చాలక వదిలేసినదే అయ్యుంటుంది అది.

నీటిపాము, రాజోలు
ఆదివారం ఉదయం 10:34

సరే సరే. అడిగానంతే.

బుల్లిలంక, అమలాపురం
ఆదివారం మధ్యాహ్నం 1:10

అరోవానా ఆలోచన మానేశాను అండి. రూప్‌చంద్, ఫంగస్ రెండూ మావయ్య చెరువుకి పంపిస్తాను. మరి ఆస్కార్లకి తోడు ఏం వేయాలి? ట్యాంకు బోసిగా ఉంటుంది. సిల్వర్ డాలర్లు, బిచిర్, ఫ్లవర్‌హార్న్ అని వీడియోల్లో చెప్తున్నారు.

అద్దాలపెట్టె, కాకినాడ
ఆదివారం మధ్యాహ్నం 2:25

ఫ్లవర్‌హార్న్ కొట్టేయండి. మనుషులు జాతులు కలిపి పుట్టించిన చేప అది, ఒంటరిగానే ఉండాలి. అద్దంలో తన నీడతోనే తగువు పెట్టుకుంటుంది.

సిల్వర్ డాలర్లు మంచి ఎంపికే. గట్టుమీద గారు చెప్పిన పళ్ళెం లెక్క, ఒళ్ళు వెడల్పు, పరుగు ఎక్కువ. కానీ అయిదారు గుంపుగా ఉంటేనే బెదరవు. బిచిర్ ఆఫ్రికా చేప, అడుగున పాకుతుంది, ఒంటి మీద పొలుసు కవచంలా గట్టిగా ఉంటుంది. ఆస్కార్లు దాని జోలికి పెద్దగా పోవు. పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి నీటికీ మూతకీ మధ్య కాస్త ఖాళీ ఉంచాలి.

ఇప్పుడు మీ ట్యాంకు. 4 ఇంటూ ఒకటిన్నర ఇంటూ ఒకటిన్నర, తొమ్మిది ఘనపుటడుగులు, అంటే 255 లీటర్లు. పైన ఖాళీ, కింద గులకరాళ్ళు పోను 220. రెండు పెద్ద ఆస్కార్లకే అది ఇరుకు. కాబట్టి మీ ట్యాంకుకి సరైన జోడీ ఇంకో ఫిల్టరు. ఆరడుగులు, రెండడుగులు, రెండడుగులు చేయించిన రోజున డాలర్ల సంగతి మాట్లాడుకుందాం. అది 680 లీటర్లు, నీళ్ళ బరువే 680 కిలోలు. మేడ మీద పెట్టేమాటైతే ముందు మేస్త్రీని పిలవండి.

చిన్నమ్మడు, తణుకు
ఆదివారం సాయంత్రం 4:00

ఇక్కడ నాకు కొంచెం తేడా ఉంది అండి. రెండు ఆస్కార్లకి వారం వారం నీళ్ళు మారుస్తూ ఒక బిచిర్‌ని ఇదే సైజులో మూడేళ్ళు పెంచాను. చెయ్యకూడదని కాదు, పని ఎక్కువ.

అద్దాలపెట్టె, కాకినాడ
ఆదివారం సాయంత్రం 4:12

మీరు చేస్తారు చిన్నమ్మడు గారూ. కొత్తవాళ్ళు మూడో వారం మానేస్తారు. నేను మానేశాను కాబట్టే చెప్తున్నా.

బుల్లిలంక, అమలాపురం
ఆదివారం రాత్రి 8:40

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. పెద్ద ఆస్కార్‌కి నుదుటి మీద సూది గుచ్చినట్టు రెండు గుంటలు కనపడుతున్నాయి. మేం బోరు నీళ్ళు వాడతాం. మేతగా చికెన్ లివర్, కాలువలో దొరికే చైనా గొరక (తిలాపియా) పిల్లలు వేస్తాను. ఆక్వా షాపులో అడిగితే జియోలైట్ వేయమన్నారు, ఫిల్టర్‌లో సంచి కట్టి పెట్టాను. నిన్న గుప్పెడు రాళ్ళ ఉప్పు కూడా వేశాను.

గట్టుమీద, మొగల్తూరు
సోమవారం ఉదయం 6:05

ఉప్పు వేసేముందు జియోలైట్ తీసేయాల్సింది బాబూ. జియోలైట్ చేపల మురికిలోంచి పుట్టే అమోనియాని పట్టుకుంటుంది. ఉప్పు తగిలితే పట్టుకున్నదంతా తిరిగి నీళ్ళలోకి వదిలేస్తుంది. ఉప్పునీటి రొయ్యల చెరువుల్లో సంచులకి సంచులు పోసి పని చేయలేదని తిట్టుకునేది ఇందుకే. ఇప్పుడే ఆ సంచి బయట పారేయ్.

తర్వాత అమోనియా, పీహెచ్ చూడు. మన పక్క ఏ ఊళ్ళోనైనా ఆక్వా షాపులో కిట్లు ఉంటాయి, పెద్ద పట్నం వెళ్ళక్కర్లేదు. రెండూ కలిపే చదవాలి. అదే అమోనియా పీహెచ్ 7 దగ్గర ఉన్నదానికన్నా 8 దగ్గర సుమారు పది రెట్లు విషం. బోరు నీళ్ళలో పీహెచ్ ఎక్కువ ఉంటే నీకు మార్జిన్ లేనట్టే.

అద్దాలపెట్టె, కాకినాడ
సోమవారం ఉదయం 8:30

నుదుటి గుంటలు ఆస్కార్లకి చాలా మామూలుగా వచ్చే జబ్బు. మురికి నీళ్ళు, ఒకే రకం మేత, కొన్నిసార్లు పొట్టలో పరాన్నజీవి, మూడూ కలిసి తెస్తాయి. మందు కన్నా ముందు నీళ్ళు. వారానికోసారి 40 శాతం మార్చండి. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళైతే క్లోరిన్ విరిచే మందు కలిపి.

చికెన్ లివర్ మానేయండి. కోడి కొవ్వు చేప పొట్టలో సరిగ్గా అరగదు, నీళ్ళ మీద నూనె తెట్టు కడుతుంది. గింజ మేత ముఖ్యం, వారంలో రెండుసార్లు పెంకు తీసిన రొయ్య. వానపాము దొరికితే పండగ.

నీటిపాము, రాజోలు
సోమవారం ఉదయం 9:00

బతికిన చేప వేయకపోతే వేటాడే చేప అని పెంచడం ఎందుకండీ? నేను గోల్డ్‌ఫిష్‌లే వేస్తాను. చూడ్డానికే కదా.

చిన్నమ్మడు, తణుకు
సోమవారం ఉదయం 11:20

గోల్డ్‌ఫిష్ మాంసంలో బి1 విటమిన్‌ని విరగ్గొట్టే గుణం ఉంది. అదే పనిగా అవే పెడితే మీ చేప తింటూనే నీరసించిపోతుంది. పైగా షాపులో మేత చేపలు ఉండే తొట్టె చూశారా ఎప్పుడైనా? ఒకదాని మీద ఒకటి, సగం తెల్లచుక్కలతో. ఆ జబ్బుని పదిరూపాయలిచ్చి ఇంటికి తెచ్చుకోవడం. కాలువ పిల్లలతోనూ అదే భయం, పైగా పొలాల మందులు దిగే నీళ్ళు అవి.

వేట సరదా అంటారా, మీ ఇష్టం. నాకు మా ఆస్కార్ నా వేలు చూసి తోక ఊపుకుంటూ పైకి రావడమే సరదా.

రెండో మోటారు, మండపేట
సోమవారం మధ్యాహ్నం 12:45

కరెంటు పోయినప్పటి సంగతి ఎవరూ చెప్పలేదు. వేసవి వచ్చేస్తోంది, పైగా మాకు కాలువలు కట్టేసే నెలలు. నీళ్ళూ తక్కువే, కరెంటూ తక్కువే.

అద్దాలపెట్టె, కాకినాడ
సోమవారం మధ్యాహ్నం 1:30

2018 డిసెంబర్‌లో పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు మా వీధికి రెండు రోజులు కరెంటు లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంది, మిగతా రెండు ట్యాంకులకీ మా ఆవిడా నేనూ వంతులవారీగా చెంబుతో నీళ్ళు ఎత్తి పోశాం. మేత పూర్తిగా ఆపేశాం. పెద్ద చేపలు వారం తినకపోయినా ఏం కాదు. చేసిన తప్పు ఒక్కటే. కరెంటు రాగానే మూసి ఉన్న డబ్బా ఫిల్టర్ అలాగే ఆన్ చేశాను. గాలి లేక లోపలి బ్యాక్టీరియా చచ్చి కుళ్ళిన నీళ్ళు ఒక్కసారిగా ట్యాంకులోకి కొట్టింది. తుపానుకి తట్టుకున్న సెవరమ్ చేపలు రెండూ ఆ సాయంత్రం పోయాయి. విప్పి, కడిగి, అప్పుడు ఆన్ చేయండి.

బుల్లిలంక, అమలాపురం
సోమవారం రాత్రి 9:15

రాసుకున్నాను అండి. ఆఖరి ప్రశ్న. సక్కర్ రాత్రిపూట చిన్న ఆస్కార్ పక్కకి అంటుకుంటోంది, అక్కడ ఒళ్ళు పాలిపోయింది. దీన్ని కాలువలో వదిలేయనా? నాచు తిని బతుకుతుంది కదా.

గట్టుమీద, మొగల్తూరు
మంగళవారం ఉదయం 5:45

వద్దు. వద్దు. వద్దు.

మేం దెయ్యం చేప అనేది దాన్నే. ఎవరో మీలాంటివాళ్ళు నాచు తిని బతుకుతుందిలే అని వదిలినవే. ఒళ్ళంతా ముళ్ళ పలకలు, వల చిక్కుకుంటే విడదీయడం కుదరదు, కోసి తీయాలి. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. కొనేవాడు లేడు. పోయిన పట్టుబడిలో మా వలలో బొచ్చెల కన్నా ముందు ఇవే కనపడ్డాయి. వాటిని ఏరిన కుర్రాడి చెయ్యి మూడు చోట్ల చీరుకుపోయింది.

చిన్నమ్మడు, తణుకు
మంగళవారం ఉదయం 8:10

ఒళ్ళు జిగట రుచి మరిగిన సక్కర్ ఆ అలవాటు మానదు తమ్ముడూ. షాపుకి వెనక్కి ఇచ్చేయ్, డబ్బులు అడగకు. తీసుకోకపోతే నాకు చెప్పు, నా దగ్గర ఖాళీ తొట్టె ఉంది. ఎవరూ తీసుకోని పరిస్థితి వస్తే బకెట్ నీళ్ళలో లవంగం నూనె కలిపి నిద్రపుచ్చేయడం ఉంది. కాలువలో వదలడం కన్నా అది నయం.

ఇంకోటి, రూప్‌చంద్, ఫంగస్ నేరుగా మీ మావయ్య చెరువులో వేయకు. ట్యాంకు జబ్బులు చెరువుకి వెళ్తాయి. నెల రోజులు విడి తొట్టెలో ఉంచి, బాగున్నాయనుకుంటేనే.

బుల్లిలంక, అమలాపురం
ఆరు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 7:50

అప్‌డేట్. సక్కర్ తణుకు వెళ్ళింది, చిన్నమ్మడు అక్కకి థాంక్స్. ఆస్కార్ నుదుటి గుంటలు పూడలేదు గానీ పెరగలేదు, అంచులు తేటపడ్డాయి. రెండో ఫిల్టర్ పెట్టాను. ట్యాంకులో ఇద్దరే ఉన్నారు. మొదటి వారం గులకరాళ్ళన్నీ ఒక మూలకి తోసి గుట్ట చేశారు, ఇప్పుడు ఆ గుట్ట ఎవరిదన్న దాని మీద తగువు.

రూప్‌చంద్, ఫంగస్ వాషింగ్ మెషిన్ పక్కన తొట్టెలో నెల ఉన్నాయి. నిన్న మావయ్య వచ్చి బిందెలో పట్టుకెళ్ళాడు. 250 పెట్టి కొన్నానని అమ్మ చెప్పేసింది. చెరువు గట్టు మీద నిలబడి ఫోన్ చేశాడు. "ఒరేయ్, వీటిలో నీ పిరానా ఏదో గుర్తుపట్టేలా ఏదైనా మచ్చ ఉందా? పట్టుబడి రోజున పొరపాటున కిలో రేటుకి వెళ్ళిపోతే నువ్వు బాధపడతావు" అని.

రెండో మోటారు, మండపేట
ఆదివారం రాత్రి 7:58

కట్టుడు పళ్ళున్నదని చెప్పండి.

బుల్లిలంక, అమలాపురం
ఆదివారం రాత్రి 8:01

చెప్పాను అండి. చెరువులో అన్నిటికీ అవే పళ్ళట.